నూలు ఎవరి చేతిలో ఉంటే యంత్రం వారిది

యంత్రం వస్తే కూడు పోతుందా అన్న పాత ప్రశ్న ఇప్పుడు హైదరాబాద్ మాదాపూర్‌లో కొత్తగా వినిపిస్తోంది. కృత్రిమ మేధ కోడ్ రాస్తోంది, ఉత్తరాలకు జవాబులిస్తోంది, బొమ్మలు గీస్తోంది. నిన్నటిదాకా ఆ పనులకే జీతం తీసుకున్నవాళ్లు రేపటి సంగతేమిటని లెక్కలు వేసుకుంటున్నారు. కంప్యూటర్ కొలువులకు ఉన్న ముప్పై, నలభై ఏళ్ల అనుభవం ఈ ప్రశ్నను తేల్చడానికి చాలదు. దీన్ని రెండు వందల ఏళ్లుగా ఎదుర్కొంటూ, తరానికో యంత్రంతో సర్దుకుంటూనో ఓడిపోతూనో వస్తున్న వృత్తి మాత్రం మన దగ్గరే ఉంది. చీరాల, మంగళగిరి, వెంకటగిరి, ధర్మవరం, ఉప్పాడ, పోచంపల్లి, గద్వాల, సిరిసిల్ల అనగానే మనకు బట్టలే గుర్తొస్తాయి. సాంకేతికత మనిషి బతుకును ఎటు తిప్పుతుందో తెలుసుకోవాలన్నా వెళ్లాల్సింది ఆ ఊళ్లకే.

నేత గురించి వచ్చే రాతల్లో మామూలుగా రెండు గొంతులుంటాయి. మరమగ్గం చేనేతను మింగేసిందని, దాన్ని ఆపి ఉంటే నేతన్న బతికేవాడని ఒకరంటారు. ఎడ్లబండి పోయి లారీ వచ్చినట్టే ఇదీ జరిగింది, దీనికి ఏడ్చి లాభం లేదని ఇంకొకరంటారు. ఇద్దరి దగ్గరా సాక్ష్యాలున్నాయి. చిక్కేమిటంటే, ఇద్దరూ యంత్రానికే సర్వశక్తులూ కట్టబెడతారు. రాట్నం నుంచి నేటి డిజిటల్ ప్రింటు దాకా వరసగా చూసుకుంటూ వస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఒక్కో యంత్రం పనిని తగ్గించిన మాట నిజమే. అలా మిగిలిన కాలం, దాని విలువ ఎవరికి దక్కాలన్నది మాత్రం నూలు, అప్పు, ధర ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లే తేల్చారు.

పండితుల వాదం

యంత్రాల వల్ల అందరికీ మేలేనని మొదట నమ్మిన ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో, 1821లో తన గ్రంథం మూడో ముద్రణలో ఆ మాట మార్చుకున్నాడు. యంత్రాన్ని ప్రవేశపెట్టడం కార్మిక వర్గానికి నష్టం చేసే సందర్భాలుంటాయని ఒప్పుకుంటూ కొత్త అధ్యాయమే చేర్చాడు. అప్పటికి ఇంగ్లండులో లడ్డైట్ల తిరుగుబాటు ముగిసి కొన్నేళ్లే అయింది. 1811 నుంచి 1816 దాకా అక్కడి నేతగాళ్లు, మేజోళ్లు అల్లేవాళ్లు యంత్రాలు పగలగొట్టారు. పగలగొట్టినవాళ్లకు ఉరిశిక్ష వేసే చట్టాన్ని 1812లో పార్లమెంటు తెచ్చింది. వాళ్లను యంత్రమంటే గిట్టని మూర్ఖులుగా చూపడం తర్వాత రివాజైంది. నిజానికి వాళ్లలో చాలామందికి యంత్రాలు కొత్తేమీ కావు. మజూరీ తెగ్గోయడానికి, నాసిరకం సరుకు నేయించడానికి యంత్రాన్ని వాడుకున్న యజమానుల మీదే వాళ్ల పోరాటం.

ఆ తర్వాత ఏమైందో లెక్కలు చెబుతాయి. 1820లలో బ్రిటన్‌లో చేతిమగ్గాల మీద నూలుబట్ట నేసేవాళ్లు రెండున్నర లక్షలకు అటూ ఇటూగా ఉండేవారు. 1850 నాటికి యాభై వేలలోపుకు పడిపోయారు. దేశం మొత్తం సంపన్నమైంది కదా అంటే, అవును, అయింది. కానీ పారిశ్రామిక విప్లవపు తొలి దశాబ్దాల్లో ఒక్కో కార్మికుడి ఉత్పత్తి పెరుగుతున్నా నిజ వేతనం దాదాపు కదలలేదని ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ చూపించాడు. ఒక తరం మొత్తం వేతనాలు కదలని ఆ విరామంలోనే బతికి, అందులోనే పోయింది. చివరికి అందరూ బాగుపడతారన్న భరోసా ఆ తరానికి అందలేదు.

1930లో ఆర్థికవేత్త కీన్స్ యంత్రాల వల్ల వచ్చే నిరుద్యోగం తాత్కాలికమైన జబ్బేనన్నాడు. మన దగ్గర గాంధీ 1909లోనే 'హింద్ స్వరాజ్'లో యంత్ర నాగరికతను తప్పుపట్టాడు. తర్వాతి కాలంలో కుట్టుమిషన్‌ను మెచ్చుకుని, తన అభ్యంతరం యంత్రం మీద ఉన్న పిచ్చి మీదేనని వివరించాడు. ఈ మధ్య ఆర్థికవేత్తలు డేరన్ అసెమోగ్లు, సైమన్ జాన్సన్ కలిసి 2023లో తెచ్చిన పుస్తకం వెయ్యేళ్ల చరిత్ర తిరగేసి, సాంకేతికత ఫలం అందరికీ అందడం ఎక్కడా దానంతట అది జరగలేదని తేల్చింది. కార్మికులకు బేరమాడే బలం ఉన్నచోటే అది జరిగిందన్నది వాళ్ల వాదన. ఆ ఇద్దరికీ మరుసటి ఏడు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పుస్తకం ఎక్కువగా యూరప్, అమెరికాల చుట్టూ తిరుగుతుంది. అదే వాదాన్ని మన మగ్గం గుంటలో దిగి పరీక్షించి చూడవచ్చు.

ముందు పోయింది రాట్నం

బ్రిటిష్ మిల్లుల దెబ్బ మన నేతగాడికే ముందు తగిలిందని అనుకుంటాం. అంతకన్నా ముందు, అంతకన్నా గట్టిగా దెబ్బతిన్నది నూలు వడికే స్త్రీ. ఒక మగ్గానికి సరిపడా నూలు ఇవ్వాలంటే అనేక రాట్నాలు తిరగాలి. ఆ రాట్నాల ముందు కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. వాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉండేవారు. వ్యవసాయం లేని రోజుల్లో, వంటా పిల్లలూ అయ్యాక దొరికిన వేళల్లో చేసే పని అది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల నూలు, ఆ వెనుక మన దేశపు మిల్లు నూలు చవకగా వచ్చిపడ్డాయి. నేతగాడు ఆ నూలు కొనుక్కుని మగ్గం నడుపుకున్నాడు. వడికే స్త్రీకి మాత్రం వేరే దారి లేకపోయింది. ఆ నష్టానికి పోరాటాలు లేవు, పాటలు లేవు, పెద్దగా లెక్కలూ లేవు. ఇంటి పనిలో కలిసిపోయిన సంపాదన గనుక పోయినప్పుడు కూడా ఇంట్లోనే కలిసిపోయింది.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆ పనికి ఆనవాలు ఇంకా ఉంది. అక్కడి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, ఏకి, ఒంటి కదురు రాట్నం మీద సన్ననూలు తీస్తారు. చూడవచ్చినవాళ్లు అబ్బురపడతారు, ఫొటోలు తీసుకుంటారు. ఆ నూలుకు దక్కే కూలి మాత్రం ఆ అబ్బురానికి ఏమాత్రం తగినట్టు ఉండదు.

మిల్లు నూలు రావడంతో ఇంకో మార్పూ జరిగింది. అంతకుముందు పత్తి, వడుకు, నేత అన్నీ చుట్టుపక్కల ఊళ్లలోనే తిరిగేవి. ఇప్పుడు నూలు దూరపు మిల్లు నుంచి వ్యాపారి గుండా రావాలి. మగ్గం నేతగాడిదే, ఇల్లు అతనిదే, నైపుణ్యం అతనిదే. నూలు మాత్రం షావుకారుది. ఆ తర్వాత నేత చరిత్రలో వచ్చిన చాలా కష్టాలు ఈ ముడి దగ్గరే మొదలయ్యాయి.

ఈ ముడి వెనుక ఒక రాజకీయ సంగతీ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో దక్షిణ భారత నేతగాడికి మంచి బేరమాడే శక్తి ఉండేదని చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి రాశారు. తీసుకున్న బయానా తిరిగిచ్చేసి వేరే వ్యాపారి దగ్గరికి పోవచ్చు. ఇబ్బంది పెడితే ఊరే వదిలి పోవచ్చు. ఈస్టిండియా కంపెనీ రాజ్యాధికారం చేతికొచ్చాక, అదే అధికారంతో ఆ స్వేచ్ఛను తీసేసింది. ఆ కాలపు నేతగాళ్ల సంపాదన మీద ఆయన చెప్పిన అంచనాలతో విభేదించేవాళ్లు ఉన్నారు. కానీ లాంకషైర్ ఆవిరి మగ్గం ఇక్కడి బజారును ముంచెత్తకముందే నేతగాడి బేరం బలం తగ్గడం మొదలైందన్న సంగతి గుర్తుపెట్టుకోవాల్సినది.

నేతగాడు ఆదరించిన యంత్రం

నేతగాళ్లు కొత్తను ఒల్లరన్న అపవాదుకు ఫ్లై షటిలే సమాధానం. పాత మగ్గంలో నాడెను ఒక చేత్తో విసిరి మరో చేత్తో పట్టుకోవాలి. బట్ట పన్న ఎంత ఉండాలో చేతుల పొడవే నిర్ణయిస్తుంది. 1733లో ఇంగ్లండులో జాన్ కే కనిపెట్టిన పద్ధతిలో తాడు లాగితే నాడె దానంతట అదే అటూ ఇటూ పరుగెత్తుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ఇది మద్రాసు ప్రెసిడెన్సీ అంతా పాకింది. ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ వంటి అధికారులు దీన్ని ప్రచారం చేశారు. అధికారులు చెప్పినందుకన్నా, లాభం కంటికి కనబడినందుకే నేతగాళ్లు దీన్ని తీసుకున్నారు. ముతక, మధ్యరకం నేతలో ఉత్పత్తి బాగా పెరిగింది. మగ్గం మారలేదు, కరెంటు అక్కర్లేదు, పల్లె వడ్రంగే బిగించగలడు.

చేనేత చచ్చిపోయిందన్న కథకు ఎదురు నిలిచే చరిత్రకారుడు తీర్థంకర్ రాయ్ ఈ కాలాన్నే ముందు పెడతాడు. మిల్లులతో పోటీపడలేని రకాలు పోయినా, మిగిలిన నేత ఇటువంటి మెరుగులతో నిలదొక్కుకుందని, ఉత్పత్తి పెరిగిందని ఆయన అంటాడు. ఇది కాదనలేని మాటే. అయితే అదే కాలంలో ఇంకోటి జరిగింది. వేగం పెరిగితే నూలు ఎక్కువ కావాలి, పెట్టుబడి ఎక్కువ కావాలి, అమ్మకానికి దూరపు బజారు కావాలి. ఇవన్నీ ఉన్నవాడు మాస్టర్ వీవర్ అయ్యాడు. లేనివాడు అతని షెడ్డులోనో, సొంత ఇంట్లోనే అతని నూలు మీదనో కూలి నేతగాడయ్యాడు. యంత్రం ఇద్దరికీ ఒకటే. అది ఒకరిని మేడ ఎక్కించింది, ఇంకొకరిని గుంటలోనే ఉంచింది.

సహకార సంఘాలు పుట్టింది ఈ ముడి విప్పడానికే. ప్రగడ కోటయ్య కోస్తాలో, కొండా లక్ష్మణ్ బాపూజీ తెలంగాణలో చేనేత సంఘాలను కట్టి నిలబెట్టారు. సంఘం నూలు ఇస్తుంది, నేసిన బట్ట తీసుకుంటుంది, మజూరీ కడుతుంది. బాగా నడిచినచోట ఇది షావుకారుకు ఎదురు నిలిచింది. నడవనిచోట బోగస్ సభ్యులతో, బకాయిలతో అదే ఇంకో షావుకారైంది. 1991లో నూలు ధర ఒక్కసారిగా ఎగబాకినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో నేత కుటుంబాలు ఆకలి చావుల పాలయ్యాయి. ఆ ఏడు కొత్త యంత్రమేదీ రాలేదు. వచ్చింది నూలు కరువు.

సాంచాల ఊరు

మరమగ్గం సంగతికి వస్తే సిరిసిల్లను చూడాలి. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. వీధిలోకి అడుగుపెడితే సాంచాల మోత మాటను మింగేస్తుంది. మరమగ్గం అంటే ఎక్కడో పెద్ద పెట్టుబడిదారు తెచ్చి పేద నేతగాడి నెత్తిన వేసిన పిడుగని మనం ఊహించుకుంటాం. సిరిసిల్లలో దాన్ని తెచ్చుకున్నది నేత కుటుంబాలే. కరీంనగర్, నల్లగొండ వైపుల నుంచి పద్మశాలీలు తరాలుగా షోలాపూర్, భివండి, ముంబై, సూరత్‌లకు వలస వెళ్లారు. మిల్లుల్లో, మరమగ్గాల షెడ్లలో పనిచేశారు. పనితోపాటు యంత్రాన్నీ నేర్చుకుని తిరిగొచ్చారు. పశ్చిమ భారతంలో మరమగ్గాల పుట్టుపూర్వోత్తరాలు పరిశోధించిన డగ్లస్ హేన్స్ కూడా ఇదే చెబుతాడు: మిల్లులు వదిలేసిన పాత మగ్గాలు కొనుక్కుని ఈ రంగాన్ని మొదలుపెట్టినవాళ్లలో చేనేత కుటుంబాలవాళ్లు చాలామంది ఉన్నారు.

మరి యంత్రం సొంతమైంది కదా, ఇక బాధేమిటి? సిరిసిల్లలో పని అమరిక చూస్తే తెలుస్తుంది. నూలు తెచ్చి, బట్ట అమ్మే యజమానులు పైన ఉంటారు. నాలుగో, ఎనిమిదో, ఇంకొన్నో సాంచాలున్న ఆసామి వాళ్ల దగ్గర నూలు తీసుకుని మీటరు లెక్కన నేసి ఇస్తాడు. ఆసామి కింద కార్మికుడు పన్నెండు గంటల షిఫ్టులో ఒక్కడే ఆరేడు సాంచాలు చూసుకుంటాడు. ఆ పక్కన పడుగు సిద్ధం చేసే వార్పిన్, వైపని కార్మికులు, కండెలు చుట్టే ఆడవాళ్లు ఉంటారు. ఇంట్లో మిగిలిన స్త్రీలు బీడీలు చుడతారు. సాంచా ఆసామిదే. దాని మీద అప్పు, కరెంటు బిల్లు, చెడిపోతే బాగుచేయించే ఖర్చు అన్నీ అతనివే. బట్ట ధర మాత్రం అతని చేతిలో లేదు. యంత్రం సొంతమైనంత మాత్రాన దాని ఫలం సొంతం కాదని సిరిసిల్ల కన్నా బాగా చెప్పే ఊరు లేదు. గిరాకీ పడిపోయిన ఏళ్లలో అక్కడ వరసగా జరిగిన ఆత్మహత్యల్లో సాంచాల మీద బతికేవాళ్లే ఎక్కువ. మరమగ్గం చేతిమగ్గాన్ని మింగిందన్న కథకు ఇందులో చోటు లేదు. ఇక్కడ అప్పుల్లో మునిగింది మరమగ్గం నడిపినవాడే.

2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్లకు ఇచ్చింది. ఏటా దాదాపు కోటి చీరలు. వలస వెళ్లినవాళ్లు కొందరు తిరిగొచ్చారు, కార్మికుల కూలి పెరిగింది. చీర నాణ్యత మీద ఆడవాళ్లు పెదవి విరిచినా, పని మాత్రం దొరికింది. 2023 చివర ప్రభుత్వం మారింది. ఆర్డరు ఆగి, పాత బకాయిలు నిలిచిపోయి, 2024లో చాలా సాంచాలు మూగబోయాయి. తర్వాత మహిళా సంఘాల చీరల పేరుతో మళ్లీ ఆర్డర్లు వచ్చాయి. ఈ ఏడెనిమిదేళ్లలో సాంచా మారలేదు. అదే యంత్రం, అదే షెడ్డు, అదే కార్మికుడు. బతుకు పైకి లేచిందీ పడిపోయిందీ ఒకే ఒక్క కొనుగోలుదారు చేతిలో. పాత షావుకారు స్థానంలో సచివాలయం వచ్చిందంతే. కార్మికులనే సాంచాల యజమానులను చేస్తామంటూ పెద్దూరు దగ్గర తలపెట్టిన పథకాన్ని కూడా ఈ కోణంలోనే చూడాలి. షెడ్డూ సాంచా ఇచ్చి నూలూ బజారూ ఇవ్వకపోతే కొత్త యజమాని పాత ఆసామిగానే మిగులుతాడు.

మల్లేశం యంత్రం

ఇందుకు పూర్తిగా భిన్నమైన యంత్రం ఒకటి ఆలేరు దగ్గర శారాజీపేటలో పుట్టింది. పోచంపల్లి చీరలో పేక నూలుకు రంగులు వేయకముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రం మీద వరసగా మేకులుంటాయి. ఒకవైపు మేకు నుంచి దారం తీసుకెళ్లి అటువైపు మేకుకు చుట్టి, మళ్లీ ఇటు తేవాలి. ఒక్క చీరకు ఇలా సుమారు తొమ్మిది వేల సార్లు చేయి ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే చేయి పద్దెనిమిది వేల సార్లు కదలాలి. ఈ పని ఆడవాళ్లది. మగవాడు మగ్గం ఎక్కితే అది నేత. ఆడది ఆసు పోస్తే అది ఇంటిపని లెక్క.

చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆ పనితోనే భుజం నొప్పి తెచ్చుకుంది. బడి మధ్యలోనే మానేసిన మల్లేశం 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, ఊరివాళ్లు నవ్వుతున్నా వదలక, 1999 నాటికి ఆసు పోసే యంత్రాన్ని పనిచేయించాడు. దానికి తల్లి పేరు పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నర, రెండు గంటలకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

ఆ యంత్రం ఎవరి పనినీ ఊడగొట్టలేదని తరచూ అంటారు. ఇది చాలావరకే నిజం. ఇతరుల కోసం కూలికి ఆసు పోసే స్త్రీలకు ఆ చిల్లర ఆదాయం తగ్గే వీలుంది. అయినా ఈ యంత్రంలో ప్రత్యేకత ఉంది. డబ్బు మిగిల్చే చోటును వెతకకుండా, నొప్పి ఉన్నచోటును వెతుక్కుంటూ వెళ్లింది. ముగ్గు గీయడం, రబ్బరు బద్దలతో ముడులు వేయడం, రంగులద్దడం, నేయడం అనే కళ జోలికి పోలేదు. చీరకు ఉన్న విలువ తగ్గలేదు, ఆ విలువ వెనుక ఉన్న బాధ తగ్గింది. నేత కుటుంబాల్లోంచే పుట్టిన యంత్రం కావడం వల్ల, ఏ పని తీసేయవచ్చో ఏ పని తీస్తే చీరే ఉండదో కనిపెట్టినవాడికి తెలుసు. ప్రయోగశాలలో కూర్చుని ఉత్పాదకత పెంచాలనుకున్నవాడు మొదట మగ్గానికి మోటారు బిగించేవాడు. ఆసు దగ్గరికి పోయేవాడు కాదు, ఎందుకంటే ఆ పని అతని లెక్కలో ఉండేది కాదు.

మోటారు మాట వచ్చింది గనుక ఒక చిక్కు ప్రశ్న. డిజైన్ నేసే బరువైన జకార్డు ఎత్తడానికి కాలితో తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిన నేతగాళ్లు ఇప్పుడు కొన్నిచోట్ల చిన్న మోటారు పెట్టుకుంటున్నారు. నాడె చేత్తోనే విసురుతారు. ఇది చేనేతా, కాదా? 1985 నాటి చేనేత కేటాయింపు చట్టం ప్రకారం మరమగ్గం కానిదంతా చేతిమగ్గమే. విద్యుత్తు తగిలితే ఏమవుతుందన్న గొడవ అక్కడ మొదలవుతుంది. స్వచ్ఛతావాదులు ఈ దారి వదిలితే రేపు మరమగ్గాన్నే చేనేత అంటారని భయపడతారు. భయానికి కారణం లేకపోలేదు. కానీ కొనేవాడి ఇష్టం కోసం నేసేవాడి మోకాలు అరగాలనడం న్యాయం కాదు. బట్టను ఏ చేయి నేసిందన్నది ముఖ్యం. ఏ కాలు బరువు మోసిందన్నది కాదు.

చట్టం, చిలప

యంత్రాన్ని ఆపడానికి చట్టం చేయవచ్చని 1985లో పార్లమెంటు నమ్మింది. 22 రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ చట్టం చేసింది. మరమగ్గాల వాళ్లు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. తర్వాత జాబితా 11 రకాలకు కుదించుకుపోయింది. మిగిలిన వాటి సంగతి అడగనక్కర్లేదు. అంచు ఉన్న చీర కేటాయింపు జాబితాలోనే ఉంది, మరమగ్గం మీద నేసిన అంచు చీర ఏ బజారులో చూసినా దొరుకుతుంది. ధర్మవరం పట్టు నేతగాళ్లు మరమగ్గాల మీద దాడులు చేయండని అధికారులకు అర్జీలు పెట్టని ఏడు లేదు. 1985లోనే వచ్చిన జాతీయ వస్త్ర విధానం మరోవైపు మరమగ్గాలను స్వేచ్ఛగా పోటీ పడనిచ్చింది. ఒక చేత్తో రక్షణ రాసి ఇంకో చేత్తో గేటు తీశారు.

ఈ చట్టం చుట్టూ జరిగినంత గొడవ చిలప నూలు చుట్టూ జరగలేదు. జరగాల్సింది అక్కడే. చేతిమగ్గానికి నూలు చిలపల్లో, అంటే వదులుగా చుట్టిన కట్టల్లో, రావాలి. మరమగ్గానికి కోన్‌లో రావాలి. మిల్లులు తమ నూలులో కొంత భాగం తప్పనిసరిగా చిలపల్లో కట్టాలన్న నిబంధన ఉంది. ఆ భాగం ఒకప్పుడు 50 శాతం. 2003లో 40కి, 2019లో 30కి తగ్గించారు. కట్టిన చిలపల్లోనూ కొంత దారి మళ్లి, విప్పి కోన్‌లకెక్కి మరమగ్గాలకు పోతుందన్న ఫిర్యాదు ఎప్పటినుంచో ఉంది. 2017 నుంచి నూలు మీద, చేనేత బట్ట మీద జీఎస్టీ కూడా పడింది. మరమగ్గాన్ని నిందించే ఉపన్యాసాలకు జనం వస్తారు. చిలప లెక్క అడిగే సభకు కెమెరాలు రావు.

నూలు ముడిని సాంకేతికంగానే విప్పాలని చూసిన ప్రయత్నం ఒకటుంది. పత్తిని గట్టిగా నొక్కి బేళ్లు కట్టడం, మిల్లులో దాన్ని మళ్లీ దూది చేయడం దూరపు లాంకషైర్ కోసం మొదలైన పద్ధతి. పొలం పక్కనే నూలు తీసేటట్టయితే పత్తిని ఇలా నొక్కి, చిదిమి, విప్పే పనే లేదని ఉజ్రమ్మ, ఆమె సహచరులు వాదించారు. చిన్న యంత్రాలతో స్థానికంగా నూలు వడికి, ఆ నూలుతో మల్ఖా పేరుతో బట్ట తెచ్చారు. ఇది పెద్ద పరిశ్రమ కాలేదు. నిలబడటానికి ఎన్నో తంటాలు పడింది. అయినా ఈ చర్చలో దీని విలువ వేరు. యంత్రం వద్దన్నది కాదు దీని మాట. యంత్రం ఎంత పెద్దగా ఉండాలి, ఎక్కడ ఉండాలి అని అడిగింది. ఆ కొలత మారితే నూలు మీద పెత్తనం కూడా మారుతుంది.

తెర మీది చీర

ఇప్పటి పోటీ మగ్గాల మధ్య కూడా కాదు. ముడులేసి రంగులద్దే పోచంపల్లి చిటికి పనికి 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ డిజైన్లను ఫొటో తీసి పాలిస్టర్ మీద ముద్రించి అమ్మడానికి ఆ గుర్తింపు అడ్డు కాలేదు. వారాలు పట్టే ఆసు, ముడులు, రంగు, నేత అంతా కలిసి ఇచ్చే రూపాన్ని డిజిటల్ ప్రింటు నిమిషాల్లో దించేస్తుంది. చూసేవాడు పోచంపల్లి అనే అంటాడు. యంత్రం ఇక్కడ శ్రమను తగ్గించడం లేదు. శ్రమ వల్ల వచ్చిన పేరును తీసుకుపోతోంది. బొమ్మలు గీసే కృత్రిమ మేధ మీద ఇవాళ చిత్రకారులు చేస్తున్న ఫిర్యాదు అచ్చంగా ఇదే.

డిజైన్లను ఫొటో తీసే అదే సెల్‌ఫోను ఇంకో పనీ చేస్తోంది. పోచంపల్లిలో, మంగళగిరిలో, చీరాలలో చదువుకున్న నేత కుటుంబాల పిల్లలు చీర ఫొటో వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి నేరుగా హైదరాబాద్, బెంగళూరు, అమెరికా ఆడపడుచులకు అమ్ముతున్నారు. ఒక్కో అమ్మకంలో మధ్యవర్తి వాటా చాలావరకు ఇంట్లోనే ఉండిపోతుంది. కానీ ఇది చేయగలిగేది ఎవరు? చేతిలో కొంత సరుకు నిలవ పెట్టుకోగలవాళ్లు, సొంతంగా నూలు కొనగలవాళ్లు. కూలికి నేసేవాడి చీర అతనిది కాదు, ఫొటో పెట్టే హక్కూ లేదు. ఇంకొన్నేళ్లకు మాస్టర్ వీవర్ల కొత్త తరం ఫోను నుంచే పుట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

లెక్కలో లేనివాళ్లు

జాతీయ చేనేత గణనల ప్రకారం చేనేత, దాని అనుబంధ పనులు చేసేవాళ్లు 1995లో 65.5 లక్షలు, 2009–10లో 43.3 లక్షలు, 2019–20లో 35.2 లక్షలు. అంకెలు నేరుగా పతనాన్ని చూపిస్తాయి. ఎవరిని ఏ గణనలో ఎలా చేర్చారన్న తేడాలు ఉంటాయి గనుక వీటిని అంగుళాల లెక్క చూడకూడదు. చివరి గణన చెప్పిన ఇంకో రెండు సంగతులు పతనం కన్నా ముఖ్యం. పనిచేసేవాళ్లలో నూటికి 72 మంది స్త్రీలు. చేనేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల వాటికి నెలకు ఐదు వేల రూపాయలు కూడా రావడం లేదని అప్పుడు తేలింది.

నూటికి 72 మంది స్త్రీలైన వృత్తికి మన పథకాలు ఎలా ఉన్నాయి? ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లు నడిచిన నేతన్న నేస్తం సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏటా 24,000 రూపాయలు ఇచ్చింది. సాయం అందినవాళ్లకు అది పెద్ద ఊరటే. కానీ మాస్టర్ వీవర్ షెడ్డులో నేసేవాడికి, కండెలు చుట్టే, ఆసు పోసే, అచ్చు అతికే ఆడవాళ్లకు మగ్గం లేదు గనుక సాయమూ లేదు. రాట్నం పోయినప్పుడు జరిగినట్టే, లెక్కలో లేని పని పోయినా, ఉన్నా, ఎవరికీ పట్టడం లేదు.

ఇంత చూశాక యంత్రం మంచిదా చెడ్డదా అని తేల్చమంటే ఆ ప్రశ్నే తప్పని చెప్పాలి. ఫ్లై షటిల్ మంచి యంత్రమే. అది వచ్చిన ఊళ్లలోనే కూలి నేత పెరిగింది. సాంచా కొన్నవాళ్లు నేతగాళ్లే, చితికిపోయినవాళ్లూ వాళ్లే. ఆసు యంత్రం మాత్రం మేలు చేయగలిగింది. దాన్ని కోరుకున్నదీ, చేసుకున్నదీ, ఏ పని మీద పెట్టాలో చెప్పిందీ ఆ పని చేసే ఇంటివాళ్లే. ఫలం ఎవరిదన్న మాట యంత్రం వచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది. యంత్రంతోపాటే రాసుకోవాలి.

అందుకని ప్రభుత్వం సబ్సిడీ మీద మగ్గమో, మోటారో, ఎలక్ట్రానిక్ జకార్డో ఇచ్చేటప్పుడు దానికి జోడించాల్సిన కాగితాలు కొన్నున్నాయి. వేగం పెరిగినంత మేర మజూరీ ఎంత పెరుగుతుందో ముందే రాసిన ఒప్పందం. మిల్లు కట్టిన చిలపలు ఏ ఊరి మగ్గానికి చేరాయో ఎవరైనా చూడగలిగే లెక్క. కండె చుట్టే స్త్రీని కూడా కార్మికురాలిగా రాసిన గుర్తింపు కార్డు. ఇవి లేకుండా ఇచ్చిన యంత్రం చివరికి నూలున్నవాడి షెడ్డుకే చేరుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల చర్చకూ ఈ అనుభవం పనికొస్తుంది. అక్కడ నూలు లాంటివి డేటా, సర్వర్లు. అవి ఎవరి చేతిలో ఉంటాయో, మిగిలిన పని గంటల్లో ఉద్యోగి వాటా ఎంతో మాట్లాడుకోకుండా, కొత్త నైపుణ్యం నేర్చుకోండన్న సలహా ఒక్కటే ఇవ్వడం సరిపోదు. నైపుణ్యానికి నేతగాడి దగ్గర ఏనాడూ కొదవ లేదు. కొదవల్లా బేరమాడే బలానికే.